ఎనిమిది గళ్ళ అక్షరాలు

నేను రిటైరయ్యే ముందు వారం, ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నా కుర్చీ వెనక నిలబడి, "మేడమ్, మీ స్క్రీన్ మీద ఉన్న ఈ ఫాంట్ ఎక్కడ దొరుకుతుంది? నేను చాలా వెతికాను" అని అడిగింది.

"ఎక్కడా దొరకదమ్మా. అది నేను గీసుకున్నది" అన్నాను.

దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. ఆ రోజూ నోరు తడబడలేదు. కానీ ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ప్రోగ్రాములు రాసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నా అనుభవాలు నాలుగు ముక్కలు రాయమని మా ఆఫీసువాళ్ళు అడిగారు. నాకొచ్చిన ప్రమోషన్లు, నేను నేర్చిన భాషలు మీకు దేనికీ పనికిరావు. అవి వదిలేస్తున్నాను. ఈ పనిలో మనిషి రోజంతా చేసేది అక్షరాలను చూడటమే. ఆ అక్షరం ఎంత ఉండాలి, ఏ ఆకారంలో ఉండాలి, తెర మీద ఏ కిటికీ, అంటే విండో, ఎక్కడ ఉండాలి అన్నవాటి దగ్గర మావాళ్ళు పడే పంతాలు పొలం గట్ల దగ్గర కూడా పడరు. బయటివాళ్ళకి ఇది నవ్వులాట. నాకు మాత్రం జీవితంలో అన్నిటికన్నా పెద్ద అసూయ అక్కడే పుట్టింది. ఆ అసూయతో నేనేం చేశానో రాస్తాను. మంచి పేరు కోసం రాయడం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలననుకుంటున్నాను.

సారు తెర

తొంభైల మధ్య మాట. చోడవరంలో బస్సు కాంప్లెక్సుకి దగ్గరలోనే, ఒక ఎరువుల కొట్టు మేడ మీద మా కంప్యూటర్ సెంటర్ ఉండేది. మొత్తం మూడు మిషన్లు. ఒకదాని మీద శుభలేఖలూ కరపత్రాలూ చేసేవారు. ఒకదాని మీద టైపు నేర్చుకునేవాళ్ళు కూర్చునేవారు. రంగుల తెర ఉన్న మూడోది ప్రోగ్రాముల మిషను. దాని మీద పొద్దున్న నేను, మధ్యాహ్నం నుంచి నూకరత్నం. ఇద్దరికీ అటూ ఇటూగా ఒకటే వయసు. స్కూళ్ళకి మార్కుల జాబితాలు, విత్తనాల షాపుకి సరుకు వివరాలు, విశాఖపట్నంలో ఒక కంపెనీకి లారీల రాకపోకల ప్రోగ్రాము, ఇవి మా పనులు.

సెంటర్ అప్పలనాయుడు సారుది. లెక్కల మాస్టారి ఉద్యోగం మానేసి, పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. సీట్లోంచి ఎవరు లేచినా తెరని ఆయన పెట్టినట్టే పెట్టి లేవాలి. నీలం మీద పసుపు అక్షరాలు, పాతిక వరసలు, తెరంతా ఒకే కిటికీ. దాన్ని మేం 'సారు తెర' అనేవాళ్ళం.

"గిరాకీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే అక్షరం అక్కడికి కనబడాలమ్మా. కనబడకపోతే మనమేదో దాస్తన్నామనుకుంటాడు" అనేవారు.

ఆయన చెప్పినదాంట్లో సగం న్యాయం ఉంది. పదిమంది ముట్టుకునే మిషనుకి ఒక ముఖం ఉండాలి. కానీ అయిదు నిమిషాలు చూసి పోయే మనిషి కళ్ళూ, ఆరు గంటలు అందులోనే ఉండే మనిషి కళ్ళూ ఒకటి కావని ఆయనకి తోచలేదు. తర్వాత నేను చూసిన పై అధికారులందరూ ఈ పొరపాటే చేశారు, ఎవరి పద్ధతిలో వారు.

నాకు సారు తెరతో ఇబ్బందేమీ లేదు. పాతిక వరసలు కనబడితే చాలు, మిగతా ప్రోగ్రామంతా నా బుర్రలో ఉంటుంది అనుకునేదాన్ని. నా జ్ఞాపకశక్తి మీద నాకు మహా గర్వం. అది రత్నం వచ్చే వరకే.

గ్రాఫు పుస్తకం

రత్నం వడ్డాది నుంచి బస్సులో వచ్చేది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది. మాట తక్కువ. తన వంతుకి పది నిమిషాల ముందే వచ్చి, నా వెనక బల్ల మీద కూర్చుని, పొట్లంలో మరమరాలు ఒక్కొక్కటే తింటూ చూస్తూ ఉండేది. తొందర చేసేది కాదు. అందుకే నాకు ఇంకా తొందర పుట్టేది.

ఒకరోజు గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. అప్పుడు మొదటిసారి ఆమె తెర చూశాను. సారు తెర మీద పాతిక వరసలు ఉండేచోట యాభై ఉన్నాయి. తెరని నాలుగు గదులుగా చేసింది. ఎడమ పైన రాస్తున్న ప్రోగ్రాము, కుడి పైన నిన్నటి ప్రోగ్రాము, ఎడమ కింద లారీల వివరాలు, కుడి కింద మిషను చూపించిన తప్పులు. ఒక కిటికీ ఇంకో కిటికీ మీద పడటం లేదు. దేన్నీ తప్పించి చూడక్కర్లేదు, కళ్ళు తిప్పితే చాలు.

"ఏటే ఇది, సీమల బారులాగుంది" అన్నాను.

"సదవగలవా లేదా, అది సెప్పు" అంది, తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

హాయిగా చదవగలిగాను. అదే నాకు మంట.

యాభై వరసలు పట్టాలంటే ఒక్కో అక్షరం ఎనిమిది గళ్ళ వెడల్పు, ఎనిమిది గళ్ళ ఎత్తులో ఇమిడిపోవాలి. మిషనులో ఉన్న అక్షరాలు ఆ కొలతకి వచ్చేసరికి నలిగిపోయి ఉండేవి. రత్నం తన అక్షరాలు తనే గీసుకుంది. స్కూలు పిల్లల గ్రాఫు పుస్తకంలో, పెన్సిలుతో, ఒక్కో గడీ నలుపు చేస్తూ. ఆ పుస్తకం చూపించింది. సున్నా మధ్యలో ఒక చుక్క పెట్టింది, ఇంగ్లీషు 'ఓ' అక్షరంతో కలవకుండా. చిన్న ఎల్‌కి కింద కుడివైపు తోక వంచింది, ఒకటి అంకెతో కలవకుండా. మీసాల బ్రాకెట్టుకి పొట్ట కొంచెం ముందుకి తెచ్చింది. కాగితం కొన్నిచోట్ల చెరిపి చెరిపి పలచబడిపోయింది.

సారు కూడా ఆ పుస్తకం తిరగేసి, "బాగుందమ్మా, ముగ్గులేసిన చెయ్యి కదా" అన్నారు.

"ముగ్గేటి సార్" అంది రత్నం. "ముగ్గులో సుక్క సుట్టూ గీత తిరుగుద్ది. ఇక్కడ సుక్కే గీత. ఒక్క సుక్క ఇటైపోతే అచ్చరం మారిపోద్ది."

ఆ రాత్రి మా తమ్ముడి గ్రాఫు పుస్తకం తీసుకుని నేనూ మొదలుపెట్టాను. నాలుగు రోజులు కుస్తీ పట్టాను. నా చిన్న ఎస్ ఎటు తిప్పినా నడుం పట్టేసిన మనిషిలా ఉండేది. ఎనభై గళ్ళు కాదు, నూరు గళ్ళు కాదు, అరవై నాలుగు. అందులో ఏవి నలుపు, ఏవి తెలుపు అన్నదే కదా ప్రశ్న. ఆమెకి తెలుస్తోంది, నాకు తెలియడం లేదు. జ్ఞాపకశక్తి లాంటిది కాదిది, వల్లె వేస్తే రాదు. అరవై నాలుగు గళ్ళ దగ్గర నాకు నా స్థాయి తెలిసిపోయింది. అప్పట్నుంచి రత్నం మరమరాల చప్పుడు వినబడితే చాలు, ఒళ్ళు మండేది.

ఆ అక్షరాలూ, ఆ నాలుగు గదుల అమరికా ఆమె ఒక ఫ్లాపీలో పెట్టుకునేది. ఫ్లాపీని రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని సంచిలో పెట్టుకునేది. రాగానే ఎక్కించుకోవడం, పోయేటప్పుడు సారు తెర పెట్టేసి ఫ్లాపీ తీసుకుపోవడం.

ఒకసారి సిగ్గు విడిచి అడిగాను. "నాకూ ఓపాలి ఇయ్యే ఆ ఫ్లాపీ."

"ఇస్తాన్లే. ఇంకా అవ్వలేదు. కామా బాగోలేదు, పుల్‌స్టాపులాగ కనబడతంది. అయ్యేక ఇస్తాను" అంది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె ఇవ్వనని అనలేదు.

కరెంటు పోయిన సాయంత్రం

లారీల ప్రోగ్రాము చేయించుకునే విశాఖపట్నం కంపెనీకి మా పని నచ్చింది. మా ఇద్దరిలో ఒకరిని తమ ఆఫీసులో ఉద్యోగానికి తీసుకుంటామన్నారు. మూర్తిగారని వాళ్ళ మేనేజరు ఒకాయన వస్తారట. పొద్దున్న ఒకరి వెనక, మధ్యాహ్నం ఒకరి వెనక కూర్చుని పని ఎలా చేస్తారో చూసి తేలుస్తారట.

సారు ఈ సంగతి చెప్పి, "అక్కడ మనిషికొక మిషనంటమ్మా" అన్నారు.

ఆయన లోపలికి వెళ్ళాక రత్నం ముఖంలో ఎప్పుడూ చూడని వెలుగు చూశాను. "ఇన్నావేటే? మనిసికొక మిషనంట. లేసినప్పుడల్లా తెర సర్దక్కర్లేదు. మన తెర మనకే ఉంటాది" అంది.

నాకూ అదే కావాలి. జీతం మాట మా ఇద్దరిలో ఎవరికీ తోచనేలేదు. ఎవరూ ముట్టుకోని మిషను కావాలి. కానీ నా దగ్గర ఆ మిషనులో పెట్టుకోవడానికి నాదంటూ ఏముంది? ఆమె దగ్గర ఒక తెర ఉంది. మూర్తిగారు ఆ తెర చూశాక నన్నెందుకు తీసుకుంటారు? ఆ ప్రశ్న తిండి దగ్గరా నిద్ర దగ్గరా నన్ను వదల్లేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం రత్నం పని మధ్యలో ఉండగా కరెంటు పోయింది. చాలాసేపు చూసి, ఇంక రాదని, బస్సు తప్పిపోతుందని వెళ్ళిపోయిందట. పొద్దున్న నేను మిషను ఆన్ చేస్తే ఫ్లాపీ దాంట్లోనే ఉంది.

సెంటర్లో అప్పటికి నేనొక్కదాన్నే. దాన్ని నా ఫ్లాపీలోకి కాపీ చేసుకోవడానికి నిమిషం పట్టలేదు. చెయ్యి వణకలేదు. చాలామంది ఇలాంటివి రాసేటప్పుడు చెయ్యి వణికిందని రాస్తారు, నాకు అలాంటిదేమీ లేదు. ఆకలేసినవాడు అన్నం తిన్నట్టే చేశాను.

మధ్యాహ్నం రత్నం పరుగులాంటి నడకతో వచ్చింది. ఫ్లాపీ చేతికిచ్చి, "మిషన్లో ఒగ్గీసేవు" అన్నాను.

"అమ్మ, బతికించేవే" అని రేకు డబ్బాలో పెట్టుకుంది.

అక్కణ్ణుంచి రోజూ పొద్దున్న ఆమె తెర ఎక్కించుకుని సాధన చేశాను. ఆమె వచ్చే వేళకి సారు తెర పెట్టేసి అమాయకురాలిలా లేచేదాన్ని. సారు నియమం నాకు ఇలా అక్కరకొచ్చింది.

మూర్తిగారు వెనక కూర్చున్న రోజు

మూర్తిగారు నెమ్మదైన మనిషి. నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. లారీల ప్రోగ్రాములో ఒక మార్పు చెయ్యమని ఇచ్చారు. నేను ఫ్లాపీ పెట్టి, యాభై వరసలూ నాలుగు గదులూ తెర మీదకి తెచ్చాను. ఆయన కుర్చీ ముందుకి జరిగిన చప్పుడు వినబడింది.

"ఇదేంటండీ, ఇంత చిన్న అక్షరం ఇంత స్పష్టంగా ఉంది? ఎవరు చేశారు?"

"నేనే సార్."

పక్క బల్ల దగ్గర అప్పలనాయుడు సారు ఉన్నారు. గ్రాఫు పుస్తకం స్వయంగా తిరగేసిన మనిషి. తలెత్తి నన్ను చూశారు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తన కాగితాల మీదకి వంగారు.

మధ్యాహ్నం రత్నం వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. నేను ఇంటికి పోకుండా ప్రింటరు దగ్గర మార్కుల జాబితాలు చింపుతున్నట్టు నిలబడ్డాను. ఆమె రేకు డబ్బా తెరిచి, ఫ్లాపీ పెట్టి, తన తెర తెచ్చుకుంది.

"ఓహో, సత్యవతిగారి పద్ధతి మీరు కూడా నేర్చుకున్నారన్నమాట. మంచిది" అన్నారు మూర్తిగారు.

రత్నం చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ముందు సారు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు. తర్వాత నా వైపు చూసింది. నేను కాగితం చింపాను. ఆమె ఒక్క మాట చెబితే చాలు, సంచిలో గ్రాఫు పుస్తకం ఉంది, తీసి బల్ల మీద పెడితే చాలు.

ఆమె ఫ్లాపీ బయటికి తీసింది. సారు తెర పెట్టింది. నీలం మీద పసుపు, పాతిక వరసలు, ఒకే కిటికీ.

"నేను ఇలగే సేస్తానండి" అంది.

అలవాటు లేని తెర మీద పైకీ కిందకీ వెళ్తూ, నిన్నటి ప్రోగ్రాము తెరిచి చూసి మూసి, మళ్ళీ తెరుస్తూ చేసింది. మూర్తిగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఆమె పనిలో ఒక్క తప్పు లేదు. నా పనిలో ఒకటి ఉంది, ఆయన దాన్ని నవ్వుతూ దిద్దారు. ఉద్యోగం నాకొచ్చింది.

నేను సెంటర్‌కి వెళ్ళిన చివరి రోజున రత్నం తిట్టలేదు. మరమరాల పొట్లం విప్పుతూ ఇంత మాత్రం అంది. "కామా సరిసేసేను. మొన్ననే అయ్యింది. నీ దగ్గరున్నది పాతది."

సారు దగ్గర సెలవు తీసుకుంటే ఆయన తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించి అన్నారు. "నీకు మంచే జరిగిందమ్మా, నాకూ మంచే జరిగింది. రత్నం వెళ్ళిపోతే నేను సెంటరు మూసుకోవాలి."

అప్పుడర్థమైంది ఆయన కళ్ళజోడు ఎందుకు తుడుచుకున్నారో. ఇద్దరిలో ఎవరిని పోగొట్టుకుంటే ఫరవాలేదో చూసుకున్నారు. నేను దొంగతనం చేసి గెలిచాననుకున్నాను. ఆయన లెక్కలో అప్పుడు కూడా రెండోదాన్నే. పిల్లలూ, మీ అబద్ధానికి పై అధికారి అడ్డు చెప్పకపోతే సంతోషించకండి. అందులో ఆయన పని ఏదో జరుగుతూ ఉంటుంది.

చూసే గది, రాసే గది

విశాఖపట్నంలో నా మిషను నాకిచ్చారు. మొదటి రోజే రత్నం తెర పెట్టుకున్నాను. ఆఫీసంతా వచ్చి చూశారు. 'సత్యవతి స్క్రీన్' అని పేరు కూడా పెట్టారు.

నెల తిరక్కుండా పెద్ద తప్పు చేశాను. ఎడమ పైనా కుడి పైనా ఒకే ప్రోగ్రాము ఉంటుంది, ఒకటి ఇవాళ్టిది, ఒకటి నిన్నటిది. రెండూ చూడటానికి కవలలు. నేను రోజంతా కుడివైపు, నిన్నటిదాంట్లో రాసుకుంటూ పోయాను. సాయంత్రం ఎడమవైపుది పంపించాను. మర్నాడు లారీలన్నీ పాత జాబితా ప్రకారం ఒక గేటు ముందు పోగయ్యాయి, ఇంకో గేటు ఖాళీ. డ్రైవర్లు ఆఫీసుకొచ్చి కేకలు. మూర్తిగారు కేక వెయ్యలేదు గాని, ఇంకోసారి ఇలా జరిగితే వెనక్కి పంపించేస్తానన్నారు.

నాలుగు గదులు లేకుండా పని చెయ్యలేని స్థితికి అప్పటికే వచ్చేశాను. అవి ఉంటే ఏది ఏదో తెలియడం లేదు. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి చోడవరం సెంటర్‌కి ఫోన్ చేశాను. రత్నమే ఎత్తింది. జరిగింది చెప్పాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"కుడిపక్కది సూసుకోడానికేనే, రాయడానికి కాదు" అంది. "అందులో వేలు పడకుండా నేను తాళం ఏసుకుంటాను. ఆ తాళం ఫ్లాపీలో ఉండదు, కూకున్నప్పుడల్లా ఏసుకోవాల. ఫ్లాపీ అట్టికెళ్ళేవు గాని, ఈ మాట నన్నడగలేదు కదా. రాసుకో, సెప్తాను."

ఆ తాళం పడటానికి టైపు చెయ్యాల్సిన మూడు వరసలు చెప్పింది. రాసుకున్నాను. నన్ను దెప్పి ఉంటే నా మనసు కుదుటపడేది. ఆమె మంచితనం కూడా నాకన్నా ఒక మెట్టు పైనే ఉండటం నేను భరించలేకపోయాను. బూత్ బయటికొచ్చి ఏడ్చాను. అది పశ్చాత్తాపం అనుకోకండి, ఉక్రోషం.

ఆ ఫోన్ తర్వాత మళ్ళీ మాట్లాడలేదు. కానీ నా ఉద్యోగం నిలబడింది ఆ మూడు వరసల వల్లే.

నా అభిప్రాయాలు, మీకు నచ్చకపోయినా

నా బుర్రలో ఉన్నవే కాబట్టి ఇవి నావే అని ధైర్యంగా చెప్పగలను. తెర మీద కిటికీలు ఒకదాని మీద ఒకటి పోగు పెట్టుకునేవాళ్ళని నేను ఈ రోజుకీ నమ్మను. కిందున్నది మరిచిపోతారు. పక్కపక్కన పేర్చుకోండి, ఇప్పుడు మిషనే పేర్చిపెట్టే ఏర్పాట్లు చాలా వచ్చాయి. అక్షరం అందంగా ఉందా అని చూడకండి. సున్నా సున్నాలా ఉందా, కామా కామాలా ఉందా చూడండి. వారంవారం ఫాంటు మార్చేవాడు పని తప్పించుకుంటున్నాడని అర్థం. ఎవరి తెరైనా నచ్చితే ఆ తెర తీసుకుపోకండి, అలా ఎందుకు పెట్టుకున్నారో అడగండి. చాలామంది చెబుతారు. రత్నం కూడా చెప్పి ఉండేది.

ఇన్నేళ్ళలో తెరలు పెద్దవయ్యాయి. మారినప్పుడల్లా ఆ అక్షరాలని కొత్త కొలతకి పెంచుకుంటూ వచ్చాను, ఒక చుక్కకి నాలుగు చుక్కలు, నాలుగుకి పదహారు. ఆకారం ఎక్కడా ముట్టుకోలేదు. కామా మాత్రం ఒకటి రెండుసార్లు దిద్దబోయాను. కుదరలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ కామా పుల్‌స్టాపులా కనబడుతూనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, సరైనది రత్నం దగ్గరుంది, నా దగ్గర లేదు అనిపించేది.

తిరిగి ఇవ్వడానికి వెళ్ళి

రిటైరైన రెండో వారంలో చోడవరం వెళ్ళాను. సారు పోయి చాలా ఏళ్ళయింది. సెంటర్ లేదు, ఎరువుల కొట్టు ఉంది. రత్నం గురించి అడగ్గానే కొట్టు అతను, "కంప్యూటర్ల రత్నమ్మగారా" అని ఇల్లు చెప్పాడు. అనకాపల్లి నుంచి నర్సీపట్నం దాకా ఏ ఆఫీసులో పాత ప్రోగ్రాము మొరాయించినా ఆమెనే పిలుస్తారట. నన్ను విశాఖపట్నంలో మా వీధిలో కూడా ఎవరూ గుర్తుపట్టరు. ఇల్లు వెతుక్కుంటూ నడుస్తున్నంతసేపూ ఆ మాటే నమిలాను. క్షమాపణ అడగడానికి వెళ్తూ కూడా నా బుద్ధి ఇలా ఉంది.

తలుపు తీసి నన్ను చూసి, "సత్యవతివి కదూ. రా, కూకో" అంది. ఆశ్చర్యం లేదు, కోపం లేదు. ముందుగది బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెరంతా ఒకే కిటికీ. మిషనుతో వచ్చిన మామూలు అక్షరాలు.

"నీ నాలుగు గదులేవే?" అన్నాను.

"ఆ రోజే ఒగ్గీసేను" అంది. "ఆ మూర్తిగారి ముందు సారు తెర మీద సేసేను కదా. ముందు సేతులాడలేదు. తర్వాత ఆడేయి. ఏ తెరైనా పరవాలేదని అప్పుడు తెలిసింది. నేను ఎల్లేవన్నీ ఎవులవో మిషన్లు, నా అచ్చరాలు ఎక్కడ ఎక్కించుకోను?"

"ఆ రోజు ఎందుకు సెప్పలేదు, నీవని?"

రత్నం తన ల్యాప్‌టాప్ మూసి పక్కకి జరిపింది. "సారు సెప్తారనుకున్నాను. ఆయన సెప్పలేదు. నువ్వు సెప్తావనుకున్నాను. ఇద్దరూ సెప్పాక ఇంక నేనెందుకు సెప్పాలనిపించింది" అని, తన మాటని తనే సరిచేసుకుంది. "ఇద్దరూ సెప్పలేదు కదా. అదే. ఏడుపొచ్చింది. ఏడుస్తా సెప్తే అబద్ధంలాగుంటాది."

నా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఆమె ముందు పెట్టాను. నాలుగు గదులు, ఆమె అక్షరాలు. "నీవి నీకిచ్చేద్దామని తెచ్చేను" అన్నాను. ఎన్నో మాటలు అనుకుని వెళ్ళాను గాని, ఇదొక్కటే బయటికొచ్చింది.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది. నేను ముఖం చూస్తున్నాను, ఏమంటుందో అని.

"అదే పాత కామా" అంది.

అక్షరాలు దిద్దే చోటు ఎక్కడుందో అడిగి తెరిచింది. ముప్ఫై ఏళ్ళు నేను కుదర్చలేకపోయినదాన్ని రెండే నొక్కుల్లో దిద్దింది, ఒక చుక్క కిందకి, ఒకటి ఎడమకి. ప్రోగ్రాము వైపు తిరిగి చూస్తే తెర మీద కామాలన్నీ ఒక్కసారి కామాలయ్యాయి. నాకు మళ్ళీ మండింది. ఈ వయసులో, ఆ గదిలో, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కూర్చుని కూడా మండింది.

రత్నం ల్యాప్‌టాప్ మూసి నా వైపు తోసింది.

"అయ్యేక ఇస్తానన్నాను కదే. ఇప్పుడయ్యింది, అట్టికెళ్ళు."

వద్దంటే వినలేదు. టీ ఇచ్చింది, తాగాను. ఎవరో ఫోన్ చేస్తే ఎక్కడో ఆగిపోయిన మిషను చూడటానికి సంచి తీసుకుని లేచింది. నేనూ లేచాను.

ఇప్పుడు నా దగ్గరున్నది పూర్తయినది. ఇవి వడ్డాది నూకరత్నం గీసిన అక్షరాలు అని నోటితో చెప్పడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. రోజూ పొద్దున్న మిషను తెరిచి నాలుగు గదులూ పెట్టుకుని కూర్చుంటాను. నా కుర్చీ వెనక గోడ ఉంది. అక్కడ నిలబడి అడిగేవాళ్ళు ఎవరూ లేరు.